నెత్తిమీద ముక్కు: ఎల్లారెడ్డి నుంచి బందరు సముద్రం దాకా

ఎల్లారెడ్డి చుట్టుపక్కల నుంచి సముద్రం చూడబోయేవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకు పనికివస్తుందని ఇది రాస్తున్నాను. పుణ్యం కోసం పోయేవాళ్ళకు ఇందులో ఏమీ దొరకదు. నేను పోయింది పుణ్యానికి కాదు, మీసం కాపాడుకోవడానికి. యుద్ధం మొదలు కాకముందు చేసిన ప్రయాణం ఇది. కాబట్టి నేను చెప్పే ధరల మీద ఒకటి రెండు అణాలు వేసుకుని చదవండి.

మా ఊళ్ళో గంగారాం అని నా పేరు చెబితే ఎవరైనా ముందు నవ్వుతారు, తర్వాత జేబు తడుముకుంటారు. అది వాళ్ళ తప్పు కాదు. పంతులుగారి గడియారాన్ని గంట ముందుకు తిప్పి బడి తొందరగా వదిలించింది నేనే. పెళ్ళివారు భోజనాల దగ్గర ఉండగా వాళ్ళ బండ్ల ఎద్దులను ఒకరివి ఒకరికి మార్చి కట్టింది నేనే. రాజిరెడ్డి పటేల్ హుక్కాలో మిరపగింజలు వేసింది కూడా నేనేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆయన ఇది చదువుతాడు, చదివి తిడతాడు, తిట్టనీయండి.

నాకు ఇరవై ఏళ్ళ వయసులో ఒక నువ్వుల వ్యాపారి వెంట బస్తాలకు కాపలాగా బందరు పోయాను. అక్కడ ఒక పూట పడవ ఎక్కితే, సముద్రంలో నుంచి ఒక జంతువు నీళ్ళపైకి లేచి, బుస్సుమని ఊపిరి వదిలి, మళ్ళీ మునిగిపోయింది. దాని ముక్కు నెత్తిమీద ఉంది. నా కళ్ళతో చూశాను. ఊరికి తిరిగి వచ్చాక చావడిలో చెప్పేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చెబితే చప్పగా ఉంటుందనిపించి మూడు మాటలు కలిపాను. అది గడ్డివామంత ఉంటుందన్నాను. తాటిచెట్టు ఎత్తున నీళ్ళు చిమ్ముతుందన్నాను. పడవ కనిపిస్తే రెక్క ఎత్తి సలాం చేస్తుందన్నాను. ఈ మూడూ అందరూ నమ్మారు. నాలుగోదానికి, ముక్కు నెత్తిమీద ఉంటుందన్నదానికి, చావడి చావడంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. నిజమైనది అదొక్కటే.

ఆ నవ్వు ఇరవై రెండేళ్ళు నడిచింది. సంతలో కూరగాయలమ్మే అవ్వలు కూడా నన్ను 'నెత్తిముక్కోడు' అనేవాళ్ళు. ఒకనాడు తాలూకా కచేరి నుంచి గుమాస్తాలు వచ్చి చావడిలో చాయ తాగుతుంటే, రాజిరెడ్డి పటేల్ ఊరి వింతను చూపిస్తున్నట్టు నన్ను పిలిచాడు.

"ఏం రా గంగారాం, నెత్తిమీద ముక్కు సంగతి చెప్పవా? సార్లు ఇనాలె."

"పటేలా, ఇప్పటిదాక మీకు వెయ్యి అబద్ధాలు చెప్పిన. గదొక్కటి నిజం."

"గదొక్కటి తప్ప అన్నీ నమ్మినం, పో!"

కొత్తవాళ్ళ ముందు అనేసరికి నాకు ఒళ్ళు మండింది. పందెం కాశాను. నిజమని తేలితే పటేల్ సొంతంగా ఊరంతా డప్పు వేయించి నా మాట నిజమని చాటించాలి. అబద్ధమని తేలితే అదే చావడిలో నా మీసం తీయించుకోవాలి, బతికినంత కాలం అక్కడ కూర్చుని ఒక్క కథ కూడా చెప్పకూడదు. మీసం మళ్ళీ మొలుస్తుంది. ఆ రెండో షరతు మాత్రం నాకు ఉరి లాంటిది.

"సాక్షి ఎవలు? నీ సుట్టాలు, నీ దోస్తులైతే నడువది" అన్నాడు పటేల్.

"మీరే చెప్పుండ్రి."

"నీరటి పోశెట్టి."

పోచారం చెరువు నుంచి వచ్చే కాలువ మీద మా ఊరి నీళ్ళు పంచేవాడు పోశెట్టి. తూము ఎప్పుడు తీయాలి, ఎవరి మడికి ఎంతసేపు పారాలి అన్నది అతని మాట మీదే నడుస్తుంది. వాళ్ళ తాతల నుంచి ఒక పద్ధతి ఉంది. నీళ్ళ తగవులో సాక్ష్యం చెప్పాలంటే, ఆ తగవు ఏ నీళ్ళదో ఆ నీళ్ళే దోసిట్లో పట్టుకుని చెప్పాలి. కాలువ తగవుకు చెరువు నీళ్ళు పనికిరావు. దోసిట్లో నీళ్ళున్నంతసేపే సాక్ష్యం. చివరి చుక్క కారిపోయాక చెప్పిన మాట గాలిలో కలిసినట్టే. నీళ్ళు చేతిలోకి రాకముందు ఆ సంగతి గురించి నోరు విప్పడు. అరవై ఏళ్ళ మనిషి, అబద్ధం ఆడగా ఎవరూ వినలేదు. అంత దూరం రానంటాడేమోనని భయపడ్డాను గానీ, వెంటనే ఒప్పుకున్నాడు.

"నాకు గూడ ఒక పనున్నది" అన్నాడు. "అన్ని వాగులు పోయి సముద్రంలనే పడుతయ్ గద. మరి నిండాలె. నిండితే మత్తడి దుంకాలె. గా మత్తడి యాడున్నదో చూసొస్తా."

మత్తడంటే చెరువు నిండాక మిగులు నీళ్ళు పొర్లిపోయే చోటు. వానకాలం కోతలు అయిపోయి, యాసంగి నార్లకు నీళ్ళు వదలడానికి పది రోజుల తీరిక ఉంది. ఆ పది రోజుల్లో పోయి రావాలి. పొద్దున ఏడింటికి ఎల్లారెడ్డిలో మోటారు ఎక్కాము. కామారెడ్డికి మనిషికి ఎనిమిది అణాలు. డ్రైవర్ ఖాసిం భాయ్ నాకు పాత దోస్తు. పోశెట్టిని, అతని చేతిలోని కొలకర్రను చూసి కళ్ళు ఎగరేశాడు.

"గంగారాం, ఈసారి గీ పెద్దమనిషికి టోపీ పెడుతున్నవా?"

"లే భాయ్, ఈసారి నిజం చెప్పనీకె పోతున్న."

"అట్లనా? అయితే పైసలు ముందుగల్ల ఇయ్యి" అని ఎనిమిదేసి అణాలు అక్కడే వసూలు చేశాడు. నిజం చెబుతానంటే మా ఊళ్ళో నాకు దొరికే మర్యాద ఇదీ.

తొమ్మిదిన్నరకు కామారెడ్డిలో దిగాము. బెల్లం మండీలో రెండు సేర్ల బెల్లం కొన్నాను. కొత్త ఊళ్ళో మాట సాగాలంటే వట్టి చేతులతో పోకూడదు. స్టేషను బయట చాయ తాగి, మధ్యాహ్నం బండి ఎక్కితే సాయంత్రానికి సికింద్రాబాదు. మూడో తరగతి టికెట్టు రూపాయి దాటదు. స్టేషను దగ్గరి సరాయిలో పడుకుని, తెల్లవారాక బెజవాడ బండి ఎక్కాలి. దానికి నాలుగు రూపాయల దాకా అవుతుంది, పగలంతా పడుతుంది. కిటికీ వైపు చోటు దొరికితే వదలకండి. నిజాం సరిహద్దు దాటాక మన హాలీ సిక్కా రూపాయి చెల్లదు. మనవి ఏడు రూపాయలు ఇస్తే వాళ్ళ ఇంగ్లీషు రూపాయలు, కల్దార్లు, ఆరు ఇస్తారు. అంతకన్నా తక్కువ ఇచ్చేవాడి దగ్గర మార్చకండి.

బెజవాడలో పొద్దున్నే బందరు బండి ఉంది, కానీ మేము ఎక్కలేదు. కృష్ణ ఆనకట్ట చూస్తానని పోయిన పోశెట్టి అక్కడి నుంచి కదల్లేదు. కర్ర చంకలో పెట్టుకుని, తలపాగా తీసి దండం పెట్టి, అటు నుంచి వచ్చే ఒక జవానును ఆపాడు.

"బాంచెన్, గీడ నీరటి ఎవలు?"

జవానుకు అర్థం కాలేదు. నేను చెప్పాక నవ్వి, "ఒక్కరు కాదయ్యా, దీనికి పెద్ద ఆఫీసే ఉంది" అన్నాడు. పోశెట్టి చాలాసేపు తలాడించాడు. "ఒక్క నీటికి గంత మంది నీరట్లయితే తగవు ఎవలు తీరుస్తరు?" అని గొణిగాడు. చివరికి మధ్యాహ్నం బండికి పోయి, పొద్దు గూకేసరికి బందరులో దిగాము. పధ్నాలుగు అణాలు. సత్రంలో అన్నం దొరికింది, జొన్నరొట్టె దొరకలేదు. మూటలో తెచ్చుకున్న రొట్టెలు మూడో రోజుకు చెప్పుల్లా అయినా పోశెట్టి వాటినే నీళ్ళలో ముంచి తిన్నాడు.

మరునాడు జట్కాకు ఆరణాలిచ్చి సముద్రం ఒడ్డున ఉన్న పల్లెకు పోయాము. అప్పుడు పోటు మీద ఉంది, నీళ్ళు ఒడ్డుదాకా నిండి ఉన్నాయి. పోశెట్టి మోకాళ్ళదాకా నీళ్ళలోకి దిగాడు. ఒక గుటక నోట్లో పోసుకుని ఉమ్మి, కర్రను సరిగ్గా నీటి అంచున పాతి, నీళ్ళు తగిలినచోట కత్తితో గాటు పెట్టాడు. నేను పడవల దగ్గరికి పోయి తండేలును వెతికాను. తండేలంటే పడవకు పెద్ద. పేరు నాంచారయ్య, నల్లగా మేకులా ఉన్న మనిషి. నా మాట పూర్తి కాకముందే చెయ్యి అడ్డంగా ఊపాడు.

"పడవలో కొత్తవాళ్ళని ఎక్కించుకోమయ్యా. చేపలు పడవు."

బెల్లం ఇచ్చాను. తీసుకున్నాడు. ఎక్కించుకోనన్నాడు. రెండు రూపాయలు ఇస్తానన్నాను. తల కూడా ఎత్తలేదు. నాలుగు రోజుల ప్రయాణం చేసి ఒడ్డున కూర్చుని తిరిగిపోవాలా అని నాకు ఏడుపు వచ్చినంత పనయింది. తాటిచెట్ల కింద రొట్టె తిని, కండువా కప్పుకుని పడుకున్నాను.

పెద్ద కేకతో మెలకువ వచ్చింది.

"గండి! గండి వడ్డది! తట్టలు వట్టుకొని రాండ్రి! అయ్యో, అంతా పోతున్నది!"

చూస్తే పోశెట్టి పంచె ఎగగట్టి పల్లెవైపు పరుగెడుతున్నాడు. సముద్రం కర్రను వదిలేసి ఎంతో దూరం పోయింది. పడవలు బురదలో పక్కకు ఒరిగి ఉన్నాయి. మావైపు నీరటి గండి అని అరిస్తే తినేవాడు కంచం వదిలి లేవాలి, అది ఊరి కట్టు. సముద్రం నాకు కొత్త కాదు, ఆటుపోట్లు చూసినవాణ్ణి. అయినా ఆ గొంతు చెవిలో పడేసరికి నేను కూడా పక్కనున్న చేపల తట్ట ఎత్తుకుని, దాంట్లో మట్టి నింపుకుని వెనకాలే పరుగెత్తాను. సగం దూరం పోయాక బుద్ధి వచ్చింది. అప్పటికి పల్లెంతా బయట నిలబడి మమ్మల్ని చూస్తోంది.

నాంచారయ్య వచ్చి పోశెట్టి భుజం పట్టుకున్నాడు. "ఏంటయ్యా పెద్దాయనా, ఏమైంది?"

"తూము ఎవలు తీసిండ్రు? గిన్ని నీళ్ళు యాడికి పోయినయ్? ఊరు మునుగుతది!"

"ఆటు అంటారయ్యా దీన్ని. రోజూ పోద్ది, రోజూ వచ్చుద్ది. పొద్దుగూకేసరికి నీ కర్ర దగ్గరికి అదే వచ్చుద్ది చూడు."

ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నారు. నాంచారయ్య మాత్రం నవ్వలేదు. పోశెట్టిని కాసేపు ఎగాదిగా చూశాడు.

"నలభై ఏళ్ళుగా దీని మీద బతుకుతున్నా" అన్నాడు. "దీని వల్ల మాకేమవుద్దోనని ఏడ్చినోళ్ళనే చూశా. దీనికేదో అయిపోయిందని పరుగెత్తినోణ్ణి ఇవాళే చూశా. రేపు తెల్లారగట్ల వచ్చేయండి, ఇద్దర్నీ తీసుకుపోతా. డబ్బులొద్దు."

సాయంత్రానికి సముద్రం నిజంగానే తిరిగి వచ్చి కర్ర మీది గాటును తాకింది. పోశెట్టి దాని పక్కనే కూర్చుని చూశాడు. "మత్తడి లేదు గంగారాం" అన్నాడు చిన్నగా. "తూము లేదు, నీరటి లేడు. అదే పోతది, అదే వస్తది."

మరునాడు తూర్పు తెల్లబడుతుండగా పడవ కదిలింది. మేమిద్దరం కాక నలుగురు. తెరచాప ఎత్తిన గడియకే నా కడుపులో సత్రం ఇడ్లీలు తిరగడం మొదలుపెట్టాయి. మొదటిసారి పోయేవాళ్ళు ఖాళీ కడుపుతో ఎక్కండి. నేను పడవ అంచు మీద వేలాడుతుంటే, పుట్టినప్పటి నుంచి పడవ ఎక్కని పోశెట్టి ముందువైపు కట్ట మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. పొద్దు తాటిచెట్టంత ఎక్కింది. ఏమీ లేదు. వల రెండుసార్లు వేశారు, లాగారు. నీళ్ళు, ఎండ, నీళ్ళు. నాకు మంగలి కత్తి చప్పుడు చెవిలో వినిపిస్తోంది.

"రాకపోతే ఎట్ల?" అన్నాను.

"నోరు మూసుకొని నీళ్ళు చూడు" అన్నాడు పోశెట్టి.

అతను చూస్తున్న చోట నీటి రంగు కొంచెం మారి ఉంది, నూనె పోసినట్టు నున్నగా ఉంది. ఉన్నట్టుండి అక్కడ చిన్న చేపలు లేచాయి, వాన కింది నుంచి పైకి కురిసినట్టు. పోశెట్టి కర్ర ఎత్తాడు.

"కింద ఏదో తరుముతున్నది. కొర్రమీను చిన్న చేపలను తరిమితే గిట్లనే లేస్తయ్."

తండేలు తెడ్డు ఆపాడు. నల్లటి వీపు ఒకటి మెరిసి మునిగింది. అందరం అటే చూశాం. "మునిగిన కాడ చూడకుండ్రి" అని పోశెట్టి కర్రను ముందుకు జరిపి, ఇరవై బారల అవతల చూపించాడు. "ఇగో, గీడ లేస్తది." చెప్పిన చోటే లేచింది. మళ్ళీ జరిపాడు. మళ్ళీ అక్కడే లేచింది. నాంచారయ్య నోరు తెరిచాడు.

"ఈ పెద్దాయన ఏ రేవులో పుట్టాడయ్యా?"

"రేవు కాదు, పోచారం కాలువ!" అని అరిచాను, అది నా గొప్పయినట్టు.

ఆ తర్వాత ఒకటి కాదు. తొమ్మిది. పోశెట్టి వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. బర్రె దూడంత వీపులు, తడి నల్లరాయిలా నున్నగా, ఒకదాని వెనక ఒకటి లేస్తూ మునుగుతూ పడవ చుట్టూ తిరిగాయి. ఒక తల్లి పక్కన చిన్నది అంటుకుని పోతోంది, తల్లి లేస్తే అదీ లేస్తోంది. సముద్రపు పంది అంటామని నాంచారయ్య చెప్పాడు. అంత అందమైనదాన్ని పంది అనడం నాకు నచ్చలేదు. అంతలో ఒకటి పోశెట్టి కూర్చున్న దగ్గరే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో లేచింది. బుస్స్! తుంపరంతా అతని ముఖం నిండా పడింది.

నేను లేచి గంతులేశాను. ఇరవై రెండేళ్ళు! కడుపులో తిప్పడం కూడా ఆగిపోయింది. పడవ ఊగిపోయింది. "కూర్చోవయ్యా, ముంచుతావు!" అని నాంచారయ్య నా పంచె పట్టి లాగాడు. నేను పోశెట్టి మీద పడినట్టే పోయి అడిగాను.

"చూసినవా అన్నా? ముక్కు చూసినవా? యాడున్నది? చెప్పు!"

పోశెట్టి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ముఖంలో ఏమీ లేదు, మూసిన తూములా ఉంది.

"నీళ్ళు చేతిలకు రానీ" అన్నాడు.

ఊరి నుంచి మూటలో తెచ్చుకున్న ఖాళీ షర్బతు సీసాను ఆ చోటనే ముంచి నిండా నీళ్ళు పట్టుకున్నాడు. నాంచారయ్య దాని బిరడా మీద పడవ సందుల్లో పూసే గుగ్గిలం కరిగించి పూశాడు. ఆ సీసాలోనే నా మీసం ఉంది. దానిలోంచి ఏ సాక్ష్యం వస్తుందో మాత్రం నాకు తెలియదు.

తిరుగు దారిలో సరిహద్దు స్టేషనులో సుంకం జవాను మా రైలు డబ్బాలోకి వచ్చాడు. మూటలు తడిమాడు. సీసా దొరికింది. సారా అనుకున్నాడు. పోశెట్టి వద్దంటున్నా గుగ్గిలం గీకి, బిరడా తీసి, వాసన చూసి, అనుమానం తీరక రెండు గుటకలు తాగాడు. ముఖం వంకర పోయింది.

"ఏందిది?"

"సముద్రం నీళ్ళు సాబ్" అన్నాడు పోశెట్టి చేతులు జోడించి. "మా ఊర్ల సాక్ష్యం చెప్పనీకె."

"నన్ను పిచ్చోణ్ణి చేస్తున్నవా?" అని జవాను సీసాను కిటికీ బయటికి పట్టి వంచబోయాడు. పోశెట్టి సీసా వైపు రెండు చేతులూ చాచాడు. నిజం చెప్పినందుకు శిక్ష పడడం అతనికి అదే మొదటిసారి. నాకు అలవాటే. నాలుగో జమాతు దాకా నేర్చుకున్న ఉర్దూనంతా ఒక్క చోట కూడగట్టి జవాను కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "సాబ్, తప్పయింది, అసలు మాట చెబుతాను. అది జులాబు మందు. మా ముసలాయన పొట్ట కోసం బందరు హకీం ఇచ్చాడు. ఒక్క చెంచా తాగితే రెండు రోజులు కూర్చున్నచోటి నుంచి లేవలేరు. తమరు..." అని ఆగి, వేళ్ళ మీద చెంచాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

జవాను సీసాను పసిపిల్లను ఇచ్చినంత జాగ్రత్తగా నా చేతికి ఇచ్చాడు. బండి ఇంకా ఆగే ఉంది. దిగి, ముందు మెల్లగా, తర్వాత తొందరగా నడిచి పోయాడు.

చాలా దూరం పోయాక పోశెట్టి అన్నాడు: "నిజం చెప్తె పారబోస్తనన్నడు. అబద్ధం చెప్తె ఇచ్చి పోయిండు."

"నేను పుట్టినప్పటి నుంచి గిదే చెప్తున్న అన్నా."

"గీ సంగతి సాక్ష్యంల చెప్ప. నీళ్ళ సంగతి కాదు." సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు. తాగింది పోగా, ఒలికింది పోగా, మూడో వంతు మిగిలింది. దోసెడు కూడా కాదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం చావడి నిండిపోయింది. అరుగు మీద చోటు లేక జనం బండ్లు తెచ్చి ఎక్కి నిలబడ్డారు. రాజిరెడ్డి పటేల్ ముందుగానే మంగలిని పిలిపించాడు. అతను నా ఎదురుగానే కూర్చుని తోలు మీద కత్తి నూరుతున్నాడు, అవసరానికన్నా ఎక్కువగానే నూరుతున్నాడు. పోశెట్టి కాళ్ళు కడుక్కుని వచ్చి దోసిలి పట్టాడు. నేను సీసా వంచాను. దోసిట్లో అడుగున కొంచెం నిలిచింది. వేళ్ళ సందుల్లోంచి అప్పుడే ఒక చుక్క రాలింది.

పోశెట్టి మాట నెమ్మది. ఆ రోజు ఇంకా నెమ్మదిగా ఉన్నట్టు తోచింది.

"గివి సముద్రం నీళ్ళు. గంగారాం నాలుగు మాటలు చెప్పిండు. ఒకటి, అది గడ్డివామంత ఉంటది అన్నడు." చుక్క. "అబద్ధం. బర్రె దూడంత."

చావడి ఘొల్లుమంది. పటేల్ మీసం మెలేశాడు.

"రెండు. తాటిచెట్టంత నీళ్ళు చిమ్ముతది అన్నడు. అబద్ధం. తుంపర. నా మొఖం మీదనే వడ్డది."

చుక్క. చుక్క. మంగలి నూరడం ఆపి కత్తి బొటనవేలి మీద చూసుకున్నాడు.

"మూడు. సలాం చేస్తది అన్నడు." పోశెట్టి ఆలోచించాడు. దోసిట్లో తడి తప్ప పెద్దగా ఏమీ కనిపించడం లేదు.

"అన్నా, జెల్ది!" అని నేను గొంతు చించుకున్నాను.

"సాక్ష్యంల మాట్లాడొద్దు" అని నన్ను కసిరి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. "మూడు. సలాం చేస్తది అన్నడు. అబద్ధం. తొమ్మిది లేచినయ్. ఒక్కటి గూడ మమ్ములను లెక్కచెయ్యలేదు."

మంగలి లేచి నిలబడ్డాడు. పోశెట్టి వేళ్ళు ఇంకా గట్టిగా బిగించాడు. కాలువకు గండి పడినప్పుడు అడ్డం పెట్టే చేతులవి.

"నాలుగు. ముక్కు నెత్తిమీద ఉంటది అన్నడు."

ఇంకో చుక్క రాలింది.

"నెత్తిమీదనే ఉన్నది. తూము బిరడా ఎట్లుంటదో గట్లనే ఉన్నది. పైకొస్తె తెరుచుకున్నది, ఊపిరి ఇడిసింది, మునిగేటప్పుడు మూసుకున్నది. బిరడా గంత మంచిగ కూసున్న తూము నేను ఎన్నడు చూడలే."

చివరి చుక్క అతని మణికట్టు మీదుగా జారి నేల మీద పడింది. పోశెట్టి చేతులు దులుపుకున్నాడు.

పటేల్ మీసం మీది చెయ్యి దించాడు. తర్వాత, "గంగారాం నీకు ఏమన్న ఆశ పెట్టిండా పోశెట్టీ?" అన్నాడు. పోశెట్టి జవాబు చెప్పలేదు, చేతుల్లో నీళ్ళు లేవు కదా. అతని బదులు సంతలో కూరగాయలమ్మే ఎల్లవ్వ బండి మీద నుంచి అరిచింది. నన్ను మొట్టమొదట నెత్తిముక్కోడు అన్న మనిషి ఆమే.

"ఏం మాట పటేలా! ఆశకు చెప్పెటోడైతే నాలుగు నిజమనే చెప్తుండె. మూడింట్ల వాణ్ణి ముంచినోడు నాలుగోదాంట్ల ఉత్తగనే లేపుతడా?"

పటేల్ ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు. అంతలోనే నవ్వు ఆపుకోలేక అరుగు మీద చేత్తో కొట్టాడు. "బిరడా లెక్కనా! నెత్తిమీద బిరడానా!" అని మళ్ళీ మళ్ళీ అన్నాడు. ఈసారి ఆ నవ్వు నా మీద కాదు. "పిలువుండ్రి డప్పు!" అన్నాడు. మంగలి కత్తి మడుస్తూ, "మరి వచ్చినందుకు ఎవలదన్న ఒక గడ్డం గీస్తె బాగుండు" అంటే పటేల్ తన గడ్డమే ఇచ్చాడు.

చాటింపు మాటలు పోశెట్టే చెప్పాడు, ఒక్క అక్షరం మార్చనివ్వలేదు. పొద్దు ఉండగానే బజారంతా డప్పు తిరిగింది: "ఇనుండ్రి ఇనుండ్రి! గంగారాం చెప్పిన నాలుగు మాటలల్ల మూడు అబద్ధం, ఒకటి నిజం! సముద్రంల జంతువుకు ముక్కు నెత్తిమీదనే ఉన్నదహో!" మూడు అబద్ధం అన్నప్పుడు జనం నవ్వారు, ఒకటి నిజం అన్నప్పుడు తలలాడించారు. నేను మీసానికి ఆముదం రాసుకుని డప్పు ముందు నడిచాను. రాజు ఏనుగు మీద పోయినా అంత ఎత్తు నుంచి చూసి ఉండడు.

ఆ రాత్రి పడుకోబోతూ అనుకున్నాను: ఇరవై రెండేళ్ళు నా నిజాన్ని పైకి రానీయనివి నా మూడు కలుపుడు మాటలే. గడ్డివాము బరువు పెట్టి ముంచాను దాన్ని. పోశెట్టి ఆ మూడింటినీ తీసి పక్కన పెట్టేసరికి అది దానంతట అదే పైకి లేచి ఊపిరి పీల్చుకుంది. ఇంత మంచి బుద్ధి వచ్చింది కాబట్టి నేను మారిపోయానని మీరు అనుకుంటే, పొరపాటు. ఇప్పుడు ఊళ్ళో నా మాట నమ్ముతున్నారు. నమ్మేవాళ్ళను ఆటపట్టించడం ఎంత సులువో నాకు ఇన్నాళ్ళూ తెలియదు. పోశెట్టి మాత్రం పదో రోజు పొద్దున తూము దగ్గరికి పోయి, యాసంగికి నీళ్ళు వదిలి, చాలాసేపు అక్కడే నిలబడ్డాడట. ఏమైందని అడిగితే, "గీ నీళ్ళు గా సముద్రంలకే పోతున్నయ్, పోనీ" అన్నాడట.

మీరు పోతే చలికాలంలో, సముద్రం నెమ్మదిగా ఉన్నప్పుడు పోండి. అన్నిటికన్నా ముఖ్యం, సీసాలు రెండు తీసుకుపోండి. ఒకటి ఊరికి, ఒకటి దారిలో తాగేవాళ్ళకు.